తడిగుడ్డ (ఆకుపచ్చ అక్షరాలు – తొమ్మిదో భాగం)

పోయిన వారం కథను ఆళ్ళగడ్డలో, మధ్యాహ్నం రెండున్నర గంటలప్పుడు, మాడు పగిలే ఎండలో వదిలేశాం. సేవా సంఘం ఆఫీసు గదిలో మద్దయ్య గడప మీద కూర్చున్నాడు, జ్ఞానప్రకాశం స్టూలు మీద కూర్చున్నాడు, సలోమి అబద్ధం మీద కూర్చుంది. మొదటి ఇద్దరి సంగతీ మీకు తెలుసు. మూడోది మాత్రం పోయిన వారం నేనే దాచాను. ఆ అమ్మాయి మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇది 1987 ఏప్రిల్. ఆఫీసులో ఉన్న కంప్యూటరు ఏదో దూరదేశపు చర్చివాళ్ళు ఐదారేళ్ళు వాడి, కొత్తది కొనుక్కుని, పుణ్యం వస్తుందని మనకు పంపించింది. టీవీలాంటి తెర, నల్లటి గాజు మీద ఆకుపచ్చ అక్షరాలు. మద్రాసులో మూడు నెలలు నేర్చుకొచ్చిన సలోమి తప్ప దాన్ని ముట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. నల్లమల అంచున ఇళ్ళ స్థలాలు, రెండేసి ఎకరాల నేల ఇవ్వడానికి సర్కారువాళ్ళు అడవి గూడేల జాబితా అడిగారు. రేపు పొద్దున పది గంటలకు నంద్యాలలో ఆ జాబితా మూసేస్తారు. పేరుంటే నేల. లేకపోతే లేదు.

ఈ రోజు సంత. మద్దయ్య గూడెం నుంచి యాభై మూడు కుటుంబాలు తేనె, జిగురు అమ్ముకోవడానికి దిగివచ్చి, సలోమి ముందు వరసగా నిలబడి ఇంటిల్లిపాది పేర్లూ వయసులూ చెప్పి, పన్నెండు కొట్టేసరికి తిరిగి అడవి దారి పట్టారు. పోవడానికే ఒక పగలు నడవాలి. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి, ఆ పేర్లన్నిటినీ ఫ్లాపీ అనే నల్లటి పలచని అట్టలో దాచే మీట నొక్కింది సలోమి. కంప్యూటరు కీచుమంది. తెర మీద ఏదో ప్రశ్న మెరిసింది. చదివేలోపల వెలుగంతా ఒక చుక్కగా ముడుచుకుని ఆ చుక్కా ఆరిపోయింది.

తెర చచ్చినా కంప్యూటరు బతికే ఉంది. దాని ఫ్యాను తిరుగుతూనే ఉంది. యాభై మూడు ఇళ్ళూ ఇంకా దాని కడుపులోనే ఉన్నాయి, కరెంటు ఉన్నంత సేపు. ఏ ప్రశ్న అడిగిందో తెలియకుండా గుడ్డిగా ఏదో ఒక మీట నొక్కితే మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. నొక్కకుండా కూర్చుంటే సాయంత్రం ఆరు గంటలకు ఊరంతటికీ కరెంటు కోత. అందుకే నంద్యాలలో ఉన్న మేనమామకు ఫోను చేయించింది.

ఆ మేనమామే జ్ఞానప్రకాశం. నంద్యాల స్టేషను రోడ్డులో ముప్పై ఏళ్ళుగా రేడియోలు, ఈ నాలుగేళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాడు. కంప్యూటరు తెరను జన్మలో విప్పలేదు. "టీవీకి తమ్ముడే కదా" అనుకుని బస్సెక్కాడు. ధైర్యం అనండి, పొగరు అనండి, మెకానిక్కులకు ఆ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి.

"మామా, పెద్ద పెట్టె ప్లగ్గు మాత్రం ముట్టొద్దు. అది ఆరితే అంతా పాయె," అంది సలోమి.

"తెలుసులేమ్మీ. తెరకు వేరే కరెంటు తీగుండాది కదా, దాన్నే పీకుతా."

వెనక మూత విప్పాడు. స్క్రూడ్రైవరుకు ఒక తీగ చుట్టి, తీగ రెండో కొన ఇనుప చట్రానికి తగిలించి, ఎడమచేయి జేబులో పెట్టుకున్నాడు. తెర వెనక గాజు బుడ్డిలో ఆపేసిన తర్వాత కూడా వేల వోల్టులు దాక్కుని ఉంటాయి. రెండు చేతులూ పెడితే ఆ కరెంటు ఈ చేతిలో ఎక్కి ఆ చేతిలో దిగుతుంది, మధ్యలో గుండె ఉంటుంది. ఒక చేయి జేబులో ఉంటే మనిషి ఇంటికి పోతాడని గురువు నేర్పాడు. గాజు మీది రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవరు మొన దూర్చాడు. టప్‌మని చిన్న మెరుపు రావాలి. రాలేదు. అంటే లోపల ఆ వోల్టులే పుట్టడం లేదు.

"ఆరిపోయే ముందు ఏమన్నా చప్పుడొచ్చిందా? చిటపటమని?" అని అడిగాడు.

"లేదు మామా."

"కాలిన వాసన?"

"లేదు."

"నీళ్ళు గీళ్ళు పడినాయా?"

"లేదు మామా. ఊరికే ఆరిపోయింది."

"ఊరికే ఏదీ ఆరిపోదమ్మీ," అన్నాడు గానీ నమ్మాడు. డాక్టరు రోగి మాట నమ్మినట్టే మెకానిక్కు సామాను తెచ్చినవాడి మాట నమ్ముతాడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాటే చెబుతుంది. నీళ్ళు పడలేదు, వాసన రాలేదు అంటే కరెంటు లోపలికి వచ్చే దారిలోనే ఎక్కడో తెగి ఉంటుందని ఆ చివర నుంచి వెతకడం మొదలుపెట్టాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. టంకం చుక్కలు ఒక్కొక్కటే గోటితో కదిపి చూశాడు. అనుమానం వచ్చిన ట్రాన్సిస్టరును ఊడదీసి, మీటరు పెట్టి, మళ్ళీ టంకం వేశాడు. పాత సామాను కాబట్టి లోపలి తీగల పటం లేదు. లోపలి పలక మీద అచ్చయిన గుర్తులు ఇంగ్లీషులో కూడా లేవు, ఇంకేదో భాషలో ఉన్నాయి. చెమట కళ్ళలో పడుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. గంట గడిచింది. ఇంకో గంట గడవసాగింది.

గడప మీద మద్దయ్య చుట్ట వెలిగించకుండా చేతిలోనే తిప్పుతున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, గూడెం పెద్ద. అందరూ వెళ్ళినా, నంద్యాలలో అచ్చయిన కాగితం కళ్ళతో చూసి వస్తానని ఆగిపోయాడు.

"పోయిన సంతకు మా పోలేరమ్మోళ్ళు చెప్పిన పేర్లు భద్రమేనా పాపా?" అని అడిగాడు. పోలేరమ్మ అతని ఒక్కగానొక్క కూతురు. కొండకు అవతలి వైపు గూడేనికి ఇచ్చాడు. ఆ గూడెం నలభై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ పోయిన వారం వచ్చి చెప్పి వెళ్ళారు.

"అవి ఫ్లాపీలో ఉండాయి తాతా. కరెంటు పోయినా పోవు. రేపు తొలి బస్సుకు నేనే నంద్యాల తీసకపోతా. ఈడ అచ్చు మిషను లేదు, ఆడ మా సెక్రటరీ సారు అచ్చు వేయిస్తాడు."

"మంచిది. నా బిడ్డకైనా నేల నిలబడుతుంది," అన్నాడు మద్దయ్య. మళ్ళీ, "పొద్దున నేను చెప్తి కదా పాపా, కాగితం మీద గూడా రాసుకోమని," అన్నాడు.

చెప్పాడు. నిజమే. సలోమి నవ్వింది కూడా. "ఈ పెట్టె మర్చిపోదు తాతా, మనుషులే మర్చిపోతారు," అంది. ఇప్పుడు ఒక కాగితం, పెన్నూ తీసుకుంది.

"నీకు తెలిసినంత వరకు చెప్పు తాతా, నేను రాస్తా," అంది.

"నేను గూడెం పెద్దను గానీ, ఎవరి పిల్లోనికి ఎన్నేండ్లో, ఎవరి కోడలు ఏ ఇంటి బిడ్డో నాకేం తెలుస్తాది? ఒకటి తప్పు చెప్తే ఆ ఇల్లు అడవిలోనే మిగిలిపోతాది. ఆ ఉసురు నాకొద్దు."

నాలుగున్నరకు బాలమ్మ టీ తెచ్చింది. ఆఫీసు ఊడ్చే మనిషి. గ్లాసు అందుకోబోతూ జ్ఞానప్రకాశం టార్చి పక్కకు వంచాడు. ఆ వాలు వెలుగులో, హైవోల్టేజి తయారుచేసే నల్లటి ముద్దలాంటి ట్రాన్స్‌ఫార్మరు మీద సన్నటి తెల్ల గీత కనబడింది. పైనుంచి కిందికి జారిన గీత. దాని పక్కనే పిడుగు పడ్డ చెట్టు మీద ఉన్నట్టు కాలిన నల్లటి చార. తెల్ల గీతను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు. ఆళ్ళగడ్డ బోరునీళ్ళ ఉప్పు. ఈ ఊళ్ళో బిందె అడుగున, గిన్నె అంచున, తల వెంట్రుకల మీద కూడా ఉండే ఉప్పు.

స్టూలు మీద నుంచి విసురుగా లేచాడు. టీ గ్లాసు కిందపడింది. "బాలమ్మా! దీన్ని నీళ్ళతో తుడిచినావా?"

బాలమ్మ బిక్కచచ్చిపోయింది. "నేను దాన్ని ముట్టను సారూ. ఆ పాప ముట్టనీదు."

"మరి నీళ్ళు యాడ నుంచి వచ్చినాయి? ఆకాశం నుంచి ఊడిపడినాయా? పైనంతా తడిగుడ్డ పెట్టి రుద్దింటావు. రెండు గంటలు నన్ను కుక్కను తిప్పినట్టు తిప్పినారు!"

"నా బిడ్డ మీద ఒట్టు సారూ, నేను కాదు." కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ, "నన్ను పని మానిపిస్తారా?" అంది.

సలోమి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇక్కడ నేను ఆ అమ్మాయిని వెనకేసుకు రాను. నోరు తెరవడానికి ఆమెకు పట్టిన సమయం తక్కువేమీ కాదు. బాలమ్మ రెండుసార్లు ఆమె వైపు చూసింది. రెండుసార్లూ ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. మూడోసారి బాలమ్మ చూడలేదు. తల దించుకుని కిందపడ్డ టీ తుడవడానికి కూర్చుంది. అది చూశాక సలోమికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"మామా, నేనే," అంది.

జ్ఞానప్రకాశం మేనకోడలి వైపు తిరిగాడు.

"పదకొండు నుంచి ముట్టుకుంటే కాలిపోతాండె మామా. వేడెక్కకూడదని దొరలు పంపిన కాగితంలో ఉంది. జరం వస్తే అమ్మ తడిగుడ్డ వేసేది కదా. నా తువ్వాలు తడిపి పైన కప్పినా. గట్టిగా పిండే వేసినా."

"పిండినా నీళ్ళు నీళ్ళేనమ్మీ."

"చిటపటమని చప్పుడు గూడా వచ్చింది. వాసన గూడా వచ్చింది."

జ్ఞానప్రకాశం మొహం ఎర్రబడింది. "తడిగుడ్డతో గొంతులు కోసేటోళ్ళుంటారని విన్నా. ఈ పొద్దు కండ్లారా చూస్తాండా. యాభై మూడు గొంతులు! రెండున్నరకే చెప్పింటే మూడు గంటల బస్సుకు నంద్యాల పోయి ఏదో ఒక ఉపాయం చూసుకుని ఐదున్నరకంతా తిరిగొచ్చేవాణ్ణి. యాల చెప్పలే?"

"భయమేసింది."

"నాతో భయమేందే నీకు? ఎత్తుకుని పెంచినోణ్ణి!"

"నీతో కాదు మామా. ఊరవతలి వీధి పిల్ల చేతికి మిషను ఇస్తే ఏం చేసిందో చూడండని అంటారు. నన్ను తిడితే పడతా. నా తర్వాత మన పిల్లలెవ్వరినీ ఈ కుర్చీలో కూర్చోనియ్యరు."

జ్ఞానప్రకాశం స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. పదహారేళ్ళప్పుడు నంద్యాలలో మొదటిసారి రేడియో ముందు కూర్చున్న రోజు, షాపులో ఒక వాల్వు పగిలితే అందరూ తన వైపే ఎందుకు చూశారో అతనికి గుర్తుంది. ఆ వాల్వు పగలగొట్టింది తను కాదు. అప్పుడు తనకు అండగా ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు తను బాలమ్మ మీద అరిచిన అరుపు కూడా అటువంటిదేనని తెలిసి సిగ్గేసింది.

మద్దయ్య గడప మీద నుంచే అన్నాడు. "తప్పెవురిదో రేపు తేల్చుకోండప్పా. ఇంగ ఏం జేయొచ్చో అది చెప్పు."

ఏం చేయొచ్చు? ట్రాన్స్‌ఫార్మరు లోపలి చుట్టలన్నీ కాలి ముద్దయిపోయాయి. విప్పి చుట్టడానికి వీల్లేదు. అటువంటిది ఆళ్ళగడ్డలో దొరకదు, నంద్యాలలో దొరకదు, ఆ మాటకొస్తే ఈ దేశంలోనే దొరుకుతుందో లేదో. ముప్పై ఏళ్ళు సామాను బాగుచేసిన మనిషి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. చేతకాకపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసిందని తర్వాత చాలా ఏళ్ళు చెప్పేవాడు.

గోడ గడియారం ఐదు చూపిస్తోంది. అతని కళ్ళు కంప్యూటరు నుంచి తెరకు వచ్చే తీగ మీద పడ్డాయి. ఒకటే తీగ. బొమ్మ అంతా ఆ ఒక్క తీగలోనే వస్తోంది.

"తెర చచ్చింది గానీ బొమ్మ చావలే," అన్నాడు మెల్లగా. "ఈ ఊర్లో టీవీ ఎవరింట్లో ఉంది? చిన్నదైనా సరే."

దెబోరా టీచరమ్మ ఇంట్లో ఉంది, చర్చి వెనక. సలోమి పరుగెత్తింది. పది నిమిషాల్లో టీవీని చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చింది, వెనకే టీవీ మీద కప్పే అల్లిక గుడ్డ చేత్తో పట్టుకుని టీచరమ్మ.

"విప్పుతారా?" అంది టీచరమ్మ.

"విప్పుతానమ్మా. మళ్ళీ బిగిస్తానని ప్రమాణం చేయలేను."

టీచరమ్మ మద్దయ్యను చూసింది. "విప్పండి. ఆదివారం సినిమా చూడకపోతే చచ్చిపోను," అని గుడ్డ మడిచి బయటికి వెళ్ళిపోయింది.

టీవీ చట్రానికి టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. చట్రంలోనే కరెంటు ఉంది, దీన్ని కంప్యూటరుకు కలిపితే ఆ కరెంటు నేరుగా పేర్ల మీదికే పోతుంది. ప్లగ్గు పీకి, తిరగేసి పెట్టాడు. టెస్టరు వెలగలేదు.

"బాలమ్మా, ఇట్రా. ఈ ప్లగ్గు ఇట్లే ఉండాల. పొరపాటున తిప్పి పెడితే అంతా మసే. నీ చెయ్యి దీని దగ్గర్నుంచి తీయొద్దు, ఎవురినీ ముట్టనీయొద్దు. నన్ను గూడా." కొంచెం తగ్గి, "నీ మీద ఊరికే అరిచినా తల్లీ," అన్నాడు.

బాలమ్మ ప్లగ్గు పక్కన కూర్చుంది. ఆమె కూర్చున్న తీరు చూస్తే ఎవరికీ ఆ దరిదాపులకు వచ్చే ధైర్యం ఉండదు.

తీగ కోసి, పొర వలిచి, టీవీ లోపల బొమ్మ మొదలయ్యే చోట టంకం వేశాడు. మొదటి చుక్క పక్కకు జారింది. రెండోది కూర్చుంది. ఐదూ నలభైకి స్విచ్ వేశాడు.

ముందు బూడిద రంగు. తర్వాత వాలు గీతలు. తర్వాత సంతలో రంగులరాట్నంలా కిందినుంచి పైకి పరుగెత్తే అక్షరాలు. వెనక ఉన్న చిన్న మర వేలి కొసతో మెల్లగా తిప్పాడు. పరుగు నెమ్మదించింది. అక్షరాలు ఒక్కసారి వణికి నిలబడ్డాయి. ఆకుపచ్చగా లేవు, తెల్లగా ఉన్నాయి. కానీ అక్షరాలే.

"వచ్చింది!" అని అరిచాడు మద్దయ్య.

సలోమి ముందుకు వంగి చదివింది. మళ్ళీ చదివింది. జ్ఞానప్రకాశానికి ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది గానీ, మేనకోడలి మొహం పూర్తిగా అర్థమైంది.

"ఏం రాసుందమ్మీ?"

"ఫ్లాపీలో చోటు లేదంట మామా."

"ఇంగొకటి పెట్టు."

"ఇంగొకటి లేదు. రెండోది ఈ పెట్టెను నడిపేది, దాని మీద ఏదీ రాయనీదు. పనికిరాని ఉత్తరాలన్నీ పోయిన వారమే తుడిపేసినా. పాత అట్ట, సగం చెడిపోయింది. లోపలున్నది ఒక్కటే. దాన్ని తుడిపేస్తే దీన్ని దాస్తానంటాంది. తుడపాల్నా, వద్దా అని అడుగుతాంది."

ఆ ఒక్కటీ ఏదో ఆమె చెప్పలేదు. ఆమెకూ మేనమామకూ తెలుసు.

మద్దయ్యకు ఇంగ్లీషు రాదు, ఫ్లాపీ తెలియదు. అతనికి కావలసింది ఒకటే. "మావోళ్ళ పేర్లుండాయా పాపా?"

"ఉండాయి తాతా. యాభై మూడు ఇండ్లూ ఉండాయి."

ముసలాయన మొహం విప్పారింది. పొద్దుటి నుంచి తిప్పుతున్న చుట్టను చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత ఆమె కళ్ళు చూశాడు.

"మరి యాల ఏడుస్తాండావ్?"

మధ్యాహ్నం నుంచి చెప్పిన అబద్ధాలు చాలు అనుకుంది సలోమి. "దీంట్లో ఒక గూడేనికే చోటుంది తాతా. మీ పేర్లు దాస్తే మీ పోలేరమ్మ గూడెం పేర్లు పోతాయి. దాయకపోతే ఆరు గంటలకు మీవి పోతాయి. వాళ్ళవి గూడా నేను కాగితం మీద రాసుకోలేదు."

"రాయరాదా ఇప్పుడు?"

"పదైదు నిమిషాలుంది. ఉరికురికి రాసినా పదైదు ఇండ్లు."

"తక్కిన ముప్పై ఎనిమిది?" అన్నాడు జ్ఞానప్రకాశం. అతను గోడకు ఆనుకుని, పనికిరాని ఆ రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. బాగుచేయాల్సింది బాగుచేశాడు. దాంతో ఏమీ బాగుపడలేదు.

మద్దయ్య తెర వైపు చూశాడు. "నా బిడ్డ పేరు యాడుందో ఒకసారి చూపిస్తావా?"

"దాన్ని తెరిస్తే ఇది పోతుంది తాతా."

పైన ట్యూబులైటు ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగింది. కోతకు ముందు రోజూ అట్లాగే అవుతుంది. ఊరందరికీ ఆ గుర్తు తెలుసు. దీపాలు తుడుచుకుని పెట్టుకోమని అర్థం.

అప్పుడు మద్దయ్య లేచాడు. పొద్దుటి నుంచి గడప దాటి లోపలికి రానివాడు, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. సలోమి భుజం మీద చేయి వేసి ఆమెను మెల్లగా కుర్చీలోంచి లేపి, తను కూర్చోకుండా, మీటల ముందు వంగి నిలబడ్డాడు.

"ఏది నొక్కితే మేము పోతాం, ఏది నొక్కితే నా బిడ్డ పోతాది? చూపించు. నువ్వు నొక్కొద్దు పాపా. నీ వయసుకు ఈ ఉసురు మోయలేవు."

సలోమి ఏడుస్తూనే రెండు మీటలూ చూపించింది. ఆయన ఏది నొక్కాడో వచ్చే వారం.